నాలుగు వైపుల లీలావతి మేడమ్

లీలావతి మేడమ్‌ని ప్రతి జూన్‌లో ఉద్యోగంలోంచి తీసేసి, ప్రతి జూలైలో మళ్ళీ తీసుకునేవారు. రాయపూర్ అవతల మందిర్ హసౌద్ ఊరు దాటాక పొలాల మధ్య ఉన్న కాలేజీలో సైకాలజీ చెప్పే కాంట్రాక్టు లెక్చరరు ఆవిడ. పదిహేడేళ్ళుగా ఇదే తంతు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా పర్మనెంటయ్యారు, ఆవిడ కాలేదు. దీన్ని అన్యాయం అనడానికి ఎవరూ నీళ్ళు నమలాల్సిన పని లేదు. ఆవిడ మాత్రం నమిలేది. "మేనేజిమెంటు వాళ్ళ చిన్నతనం ఎలా గడిచిందో మనకేం తెలుసు?" అనేసి ఊరుకునేది.

ఆవిడ జబ్బంతా ఆ మాటలోనే ఉంది. మనిషి కనబడితే చాలు, ఎందుకలా ఉన్నాడో నాలుగు సిద్ధాంతాల ప్రకారం చెప్పనిదే వదిలేది కాదు.

కాలేజీ బస్సులో ఆవిడ పక్క సీటు ఎకనామిక్స్ మాలతికి రాసిపెట్టి ఉంది. మాలతి తాత శ్రీకాకుళం నుంచి రైలు పట్టాలు వెయ్యడానికి రాయపూర్ వచ్చాడు. లీలావతి తల్లి గుడివాడ వైపునుంచి నర్సుగా వచ్చింది. స్టాఫులో తెలుగువాళ్ళు ఈ ఇద్దరే. పైగా మాలతి పర్మనెంటు, అందుకేనేమో కాస్త సిగ్గుపడుతూ అన్నీ వినేది.

"మా పాప వంకాయ ముట్టుకోట్లేదక్కా" అంది ఓ పొద్దున, పొరపాటున.

లీలావతి మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. "మనోవిశ్లేషణ వాళ్ళనడుగు, చిన్నప్పుడు నోట్లో కుక్కి ఉంటావు, ఆ కోపం లోపల దాక్కుందంటారు. ప్రవర్తనావాదుల్నడుగు, వద్దన్నప్పుడల్లా ఆమ్లెట్ వేసి పెట్టి నువ్వే అలవాటు చేశావంటారు. దశలవాళ్ళున్నారే, పుట్టినప్పట్నుంచి పోయేదాకా మనిషి ఎనిమిది మెట్లెక్కుతాడనేవాళ్ళు, తన మాట తనదని చెప్పుకునే మెట్టు ఇది అంటారు. ఇహ మానవతావాదులు..."

"అక్కా, ఏటక్కా ఇది! ఒట్టి వంకాయ!"

"అందుకే చెప్తున్నా. నాలుగు వైపులనుంచీ చూడకుండా మనిషి మీద తీర్పు చెప్పకూడదమ్మాయ్."

డ్రైవరు పరదేశి అద్దంలోంచి వెనక్కి చూసేవాడు. "మేడమ్ జీ, నేను బ్రేకు గట్టిగా ఎందుకేస్తానో చెప్పండి!"

"మూడు సిద్ధాంతాల ప్రకారం నీ తప్పు కాదు పరదేశీ."

"నాలుగో దాని ప్రకారం?"

"పూర్తిగా నీదే."

బస్సంతా నవ్వేది. నవ్వుకోడానికి ఆ దారిలో ఇంకేమీ ఉండేది కాదు. కిటికీ ఊచలమీద ఇనుము ఫ్యాక్టరీల నల్లమసి, చీర కొంగుతో ఎంత తుడిచినా సాయంత్రానికి మళ్ళీ అంతే. ఓ పక్కన నయా రాయపూర్ వైపు తిరిగే వెడల్పాటి ఖాళీ రోడ్లు. ఆ రోడ్ల చివరున్న మేనేజిమెంటు ఆఫీసుకి తన పర్మనెంటు సంగతి అడగడానికి ఆవిడ చెప్పులరిగేలా తిరిగింది. "సాహెబ్ మీటింగులో ఉన్నారు" అని కసిరిన గుమాస్తాని కూడా నాలుగు వైపులనుంచీ చూసి, జాలిపడి తిరిగొచ్చింది.

కాలేజీలో క్రమశిక్షణ కమిటీ ఒకటుంది. విసుగు పని కాబట్టి ఆవిణ్ణి అందులో పడేశారు. ఇద్దరు ఆడవాళ్ళుండాలని మాలతినీ వేశారు. కమిటీలో అందరూ సంతకం పెడితేనే నిర్ణయం, లేకపోతే తర్వాతి మీటింగుకి వాయిదా. ఇంకో రూలు ఎక్కడా రాసి లేదు గానీ దానికి తిరుగు లేదు. అయిదింటికి బస్సు బయల్దేరుతుంది. అది పోతే ఆ రోడ్డు మీద ఆటోకోసం చీకటిపడేదాకా నిలబడాలి.

ఆ మార్చిలో భావన కేసు వచ్చింది. హాస్టల్లో ఉండే ఆరంగ్ ఊరి పిల్ల. తల్లికి జ్వరం, ఇంటికి పంపమని వార్డెన్‌ని అడిగింది. "పరీక్షలప్పుడు అందరి అమ్మలకీ జ్వరాలే" అందావిడ. మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ తర్వాత అడగలేదు, చేతిలో ఉన్న స్టీలు కంచాన్ని మెస్సు కిటికీ అద్దం మీదికి విసిరింది. కాలేజీనుంచి తీసెయ్యాలని వార్డెను పట్టు. తీసేస్తే పరీక్ష పోతుంది. పరీక్ష పోతే మేనమామతోబాటు ఇటుకల బట్టీకి వెళ్ళడమే. మీటింగు రోజు పిల్ల, కమిటీ గది బయట గోడకానుకుని నిలబడి ఉంది.

మూడింటికి ప్రిన్సిపాల్ వీరేంద్ర సర్ కాగితం తీశాడు. "క్లియర్ కేసు. పది నిమిషాల పని." మాలతి కూడా పెన్ను మూత తీసింది.

"ఒక్క మాట సర్" అంది లీలావతి మేడమ్. "ఈ అద్దాన్ని నాలుగు వైపులనుంచీ చూడాలి."

"మేడమ్ జీ, సంక్షేప్ మే. రెండు ముక్కల్లో చెప్పండి."

"అద్దం ఎలాగూ ముక్కలైంది సర్, పిల్లని కూడా ఎందుకు చెయ్యడం?"

మొదలెట్టింది. మనోవిశ్లేషణ ప్రకారం అది కోపం కాదు, అమ్మ గురించిన భయం, బయటికి దారి లేక కంచమెక్కి వచ్చింది. "కానీ ఆ సిద్ధాంతంలో ఒక లోపముంది. అంతా పాతరోజుల మీదికి నెట్టి ఇప్పటివాళ్ళని వదిలేస్తుంది."

వార్డెను ఊపిరి పీల్చుకుంది.

"అందుకే ప్రవర్తనావాదం కావాలి. నోటితో అడిగితే ఎవరూ వినలేదు. అద్దం పగిలితే ఇంతమందిమి వచ్చి కూర్చున్నాం. ఏం చేస్తే వింటారో పిల్లకి నేర్పింది మనమే కదా?"

వార్డెను ఊపిరి ఆగిపోయింది.

"అయితే ఆ వాదం మనిషిని పంజరంలో చిలకలా చూస్తుంది, లోపలేముందో అడగదు. దశలవాదం అడుగుతుంది. నేనెవర్ని అని వెతుక్కునే మెట్టు మీదుంది ఈ పిల్ల. ఇవాళ రౌడీ అని ముద్ర కొడితే అదే తన పేరనుకుంటుంది. మానవతావాదమైతే తిండీ, నిద్రా, ధైర్యం ముందంటుంది. అమ్మ ఎలా ఉందో తెలియని పిల్లని మనం మర్యాద అడుగుతున్నాం."

"అయిపోయిందా?" అన్నాడు వీరేంద్ర సర్.

"పరిచయం అయింది సర్. ఇప్పుడు పోలిక."

ఫ్లాస్కు మూత తీసి వేణ్ణీళ్ళు వంపుకుంది. మాలతికి అప్పుడు గుర్తొచ్చింది, ఇవాళ మధ్యాహ్నం ఈవిడ ఇద్దరి భోజనం తిని వచ్చింది. వంకాయకి నాలుగు సిద్ధాంతాలూ మందిర్ హసౌద్ రాకముందే అయిపోతాయి. మరి ఇదివరకు కమిటీకొచ్చిన కేసుల్లో, కాపీ కొట్టినవాడికీ, లైబ్రరీ పుస్తకం చింపినవాడికీ, కొట్టుకున్నవాళ్ళకీ సాయంత్రం దాకా ఎందుకు పట్టింది? వాళ్ళలో ఒక్కరినైనా తీసేశారా? మాలతి పెన్ను మూత పెట్టేసింది.

పోలిక నడుస్తూనే ఉంది. కింద పరదేశి హారన్ కొట్టాడు. రెండోసారి కొట్టేసరికి వార్డెను సంచీ సర్దుకుంది. "అగలీ మీటింగ్ మే!" అని వీరేంద్ర సర్ లేచాడు. తర్వాతి మీటింగంటే పరీక్షలయ్యాకే.

"నిజం చెప్పక్కా, కావాలనే కదూ?" అంది మాలతి బస్సులో.

"దాన్ని కూడా నాలుగు వైపులనుంచీ చూడాలమ్మాయ్" అంది ఆవిడ, బొంగురుపోయిన గొంతుతో.

భావన పరీక్ష రాసింది, పాసైంది. వాళ్ళమ్మ మంచం దిగింది. ఆ జూన్‌లో లీలావతి మేడమ్‌ని ఎప్పట్లాగే తీసేశారు. జూలై వచ్చింది, పిలుపు రాలేదు. 'సమయం వృథా చేయును' అని పైకి రాశారట. మాలతి పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. కిటికీ మసి కూడా ఎవరూ తుడవలేదు.

మళ్ళీ కమిటీ కూర్చుంది, మొదటి కేసు వాయిదా పడ్డ భావనదే, తీసేస్తే పై ఏడు చదువుండదు. "ఇవాళ తొందరగా అయిపోతుంది" అని వీరేంద్ర సర్ చేతులు రుద్దుకున్నాడు.

మాలతి సంచీలోంచి పెద్ద ఫ్లాస్కు తీసి బల్లమీద పెట్టింది. "సర్, సైకాలజీ నాకు తెలీదు. కానీ పగిలిన అద్దం గురించి మా ఎకనామిక్స్‌లో అయిదు వాదాలున్నాయి."

వీరేంద్ర సర్ నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

చదివేవాళ్ళకి రెండు విన్నపాలు. మీ ఊరి కాలేజీలో ఏటేటా తీసేసి ఏటేటా పెట్టుకునే మేష్టార్లెవరో కనుక్కోండి, ఎందుకని గట్టిగా అడగండి, జవాబొచ్చేదాకా గుమ్మం దిగకండి. ఇక ఏ పిల్లనో వెళ్ళగొట్టడానికి పెద్దలు కూర్చున్నచోట మీకో కుర్చీ దొరికితే, దయచేసి కడుపునిండా తిని వెళ్ళండి. ఫ్లాస్కు మర్చిపోకండి.