ఎద్-దూర్ కంచె బయట మా అత్తగారి రథసప్తమి

డిసెంబరులో నాకు ఆపరేషన్ అయితే ఇంటిపని చూడటానికి మా అత్తగారు శ్రీకాకుళం నుంచి షార్జా వచ్చారు. మా ఆయనకు చిన్నప్పుడు చూపు మందగించి బాగైనప్పటి నుంచి, రథసప్తమికి అరసవల్లి సూర్యనారాయణుడి దర్శనం ఆవిడ మొక్కు. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఈసారి నా వల్ల తప్పబోతోంది. ఉమ్ అల్ ఖువైన్ దాటాక ఎద్-దూర్‌లో రెండు వేల ఏళ్ల నాటి సూర్యుడి గుడి తవ్వకాల్లో బయటపడిందని చదివి, పండగ ముందురోజు శనివారం తీసుకెళ్దామనుకున్నాను. ఇది ఓదార్పా, మాయమాటా అన్నది మాత్రం నాకే తేలలేదు.

మాకు తెలిసిన నెల్లూరు డ్రైవర్ మస్తాన్ పూటకు రెండు వందల యాభై దిర్హాములకు వస్తానన్నాడు. తొమ్మిదింటికి బయల్దేరితే ముప్పావుగంటలో ఉమ్ అల్ ఖువైన్ చేరాం. అక్కడి పాత కోటే మ్యూజియం, టికెట్టు నామమాత్రమే. కుండలు, నాణేలు, బాణపు మొనలు చూస్తూ అత్తయ్య ప్రతి అద్దాల పెట్టె దగ్గరా వంగారు.

“దేవుడేడి అమ్మడూ?”

“ఆయన పేరు చెక్కిన రాతి తొట్టి దొరికిందట అత్తయ్యా.”

“పేరుందిగానీ మొహం నేదా?”

నేను కారు వైపు దారి తీశాను.

రస్ అల్ ఖైమా వైపు మరో ఇరవై నిమిషాలు వెళ్తే ఎద్-దూర్. కారులోనే చెప్పులు విప్పేసిన అత్తయ్య ఇసుకలో కంచె దాకా నడిచి ఆగిపోయారు. అవతల ఒక చిన్న చతురస్రపు రాతి కట్టడం, పైకప్పు లేని గోడలు. “దీపమైనా నేదేటే?” అన్నారు మెల్లగా. తీసుకురాకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

“వీసా ఖలాస్ అయి ఊరికి పోయినట్టుండాడమ్మా దేవుడు,” అన్నాడు మస్తాన్.

“ఏటి సచ్చినోడా! డ్యూటీ ఎక్కి నీ నెత్తి మీదే ఉన్నాడు, సూడు!”

ముగ్గురం నవ్వేశాం. ఆ నవ్వులోనే ఆవిడ రోడ్డు పక్క పొదను చూసి, “జిల్లేడే ఇది!” అన్నారు. రథసప్తమి స్నానానికి తలమీద, భుజాలమీద పెట్టుకునే ఆకు. ఇలాంటి చోట కోయవచ్చా అని నాకు సందేహం. మస్తాన్ వెళ్లి, కాపలా ఉన్న పఠాన్‌ను అడిగాడు.

“అరే, ఇస్‌కో బకరీ భీ నహీ ఖాతీ! లే జావ్, అమ్మాజీ.”

“మేక్కూడా తినదంటమ్మా, తీసకపొమ్మంటన్నాడు.”

ఏడాకులు కోసి, పాలు కళ్లకు తగలకుండా కొంగుతో చేతులు తుడుచుకుని, అత్తయ్య ముందు ఆకాశానికి, తర్వాత ఆ గోడలకు దణ్ణం పెట్టారు. “అరసవల్లిలో ఎనకనుంచి తోసేస్తారు. ఇక్కడ తోసేవోళ్లు నేరు.”

“మొక్కు తీరినట్టేనా అత్తయ్యా?”

“అది ఆయన సెప్పాలి. నువ్వడక్కు.”

ఆ గుడి కట్టినవాళ్లు సూర్యుణ్ని ఏ భాషలో పిలిచారో, మా దణ్ణం వాళ్లకు నచ్చేదో లేదో నాకు తెలియదు. మర్నాడు తెల్లవారుజామున జిల్లేడాకులతో స్నానం చేశాక, అత్తయ్య ఊళ్లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, “గుడికెళ్లొచ్చినానే,” అన్నారు. వంటింట్లోంచి వింటున్న నాకు కాస్త ఊపిరాడింది. మీరు వెళ్లాలనుకుంటే, లోపలికి వదులుతారో లేదో ముందే కనుక్కోండి. పెద్దవాళ్లను తీసుకెళ్తే మాత్రం శిథిలాలనే చెప్పండి. గుడి అవునో కాదో వాళ్లే తేల్చుకుంటారు.