ఆరు గంటల ఫోను

కాటా మామ పోయాడని అత్తే ఫోన్ చేసి చెప్పింది. "మీ మామ పొద్దున్నే పోయినాడప్పా. బిరీన రా. వచ్చేముందు కడుపుకింత తిని రా. మర్చిపోవాకు, తిని రా" అంది. మొగుడు పోయిన గంటలో అనే మాటేనా అది? అయినా అత్త అందంటే కారణం ఉంది. కడుపు ఖాళీగా ఉంటే నాకు మందు గుర్తొస్తుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మాన్పించినవాడే మధ్యలో వదిలేసి పోతే కోపం రాదా? నేను తాగుడు మాని ఇంకా రెండేళ్ళు నిండలేదు. నన్ను రోజూ గట్టిగా పట్టుకున్న మనిషి ఆయనొక్కడే. ఇక ఎన్నాళ్ళు నిలబడతానో నాకే తెలియదు.

వరసకు ఆయన నాకేమీ కాడు. కల్లూరు దగ్గర లారీలు తూచే కాటాలో పనిచేసేవాడు. నేను ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీ తోలేవాణ్ణి. ఒక మధ్యాహ్నం లారీని కాటా మీదికి తిన్నగా ఎక్కించలేకపోయాను. మూడుసార్లు వెనక్కి తీశాను, మూడుసార్లూ చక్రం పక్కకే దిగింది. ఆయన వచ్చి తాళంచెవి లాక్కున్నాడు. తిట్టరాని తిట్లు తిట్టాను. అన్నీ విని, "అయిపాయనా? నేను నా కాలంలో ఇంతకన్నా పెద్దవే తిట్టినా లేప్పా. దిగు, ఉగ్గాని తిందువు రా" అన్నాడు. ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని కర్నూలులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. తాను మానేసి పదకొండేళ్ళయిందని ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడే చెప్పాడు.

ఆ తర్వాత మొదలైంది నా అవస్థ. సాయంత్రం ఆరయ్యేసరికి ఫోను. "యాడుండావు? పక్కన ఎవరుండారు? తిన్నావా?" ఎప్పుడూ ఈ మూడే. బాగున్నావా అని ఒక్కరోజూ అడగలేదు. ఫోను ఎత్తకపోతే ఇంటి ముందుకొచ్చి మోపెడ్ హారన్ అదేపనిగా కొట్టేవాడు. వీధంతా తొంగి చూసేది. నేను తాగుతానని తెలియనివాళ్ళకు కూడా నేను మానేసిన సంగతి తెలిసిపోయింది. "పరువు తీస్తాండావు మామా" అంటే, "ఉండే పరువంతా బ్రాందీషాపు కాడ పెట్టొచ్చి నన్నడుగుతాండావా?" అనేవాడు.

మా బంధువులది ఇంకో రకం. "మానుకున్యావంట, శానా మంచిపని" అని భుజం తట్టిన చెయ్యే పెళ్ళిలో గ్లాసు అందిస్తుంది. "ఒగటికి ఏం కాదులే" అంటుంది. మా బావమరిది పెళ్ళిలో ఆ ఒకటి తీసుకున్నాను. ఒకటితో ఆగలేదు. మర్నాడు తల దించుకుని మామ దగ్గరికి పోయాను. చెంప పగలగొడతాడనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను. ఆయన కుర్చీ ఇటు జరిపి, "నిన్నటిది నిన్నటితో పాయ. ఈ పొద్దు సంగతి చెప్పు" అన్నాడు. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ మంటే. తిట్టి ఉంటే పౌరుషానికి పోయి మళ్ళీ తాగి ఉండేవాణ్ణని ఆయనకు తెలుసు.

అంత తెలిసినవాడు తన గుండెజబ్బు మాత్రం దాచాడు. నన్ను ఒక్క అబద్ధమూ ఆడనివ్వని మనిషి, నా కళ్ళెదుటే మాత్రలు మింగుతూ గ్యాసుకని చెప్పాడు. నేను నమ్మాను.

మూడో దినం సమాధి దగ్గర ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరాకులో పెట్టారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, చెనిక్కాయల పొడి. మామ వాళ్ళన్న జేబులోంచి క్వార్టరు సీసా తీసి ఆకు పక్కన పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంది పెద్దమామా ఇది? పన్నెండేండ్లు దాటినా ముట్టని మనిషికి మందు పెడతావా?"

"వానికి ఇష్టమప్పా."

"యాడిది ఇష్టం? ఎప్పుడో మానుకున్యాడు గదా!"

"తాగేది మానుకున్యాడు. ఇష్టం యాడికి పోతాది?" అన్నాడు పెద్దాయన. ఆయన నోటి నుంచి అప్పటికే వాసన వస్తోంది.

ఇంకా అరిచేవాణ్ణే. అత్త నన్ను పక్కకు పిలిచింది. "ఆయప్ప తాగినా మాట మాత్రం నిజమేప్పా. ఆరైతే మీ మామకు కాలు నిలిచేది కాదు. ఇంట్లోకీ బయటికీ తిరుగుతానే ఉండేవాడు. నీతో మాట్లాడినాకే కుదురుగా కూసునేవాడు."

ఇన్నాళ్ళూ అది నా మీద కాపలా అనుకున్నాను. ఆయన కూడా నన్ను పట్టుకునే నిలబడుతున్నాడని నాకేం తెలుసు? ఒక్కమాట చెబితే ఆయన సొమ్మేం పోయేది? విసుగు పుట్టి, ఫోను ఆపేసి, ఊళ్ళో లేకుండా పోయిన సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి. వాటిని ఆయన ఎట్లా గడిపాడో అడుగుదామంటే ఇప్పుడు మనిషి లేడు. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు.

జనం లేచి వెళ్ళిపోతుంటే పెద్దాయన వంగి ఆ సీసా తీసి పంచె మొలలో దోపుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి. తమ్ముడు పోయిన దుఃఖమో, పొద్దుటి నుంచి తాగింది చాలకపోవడమో, రెండూనో. ఆ వణుకు నాకు బాగా తెలుసు. దగ్గరికి పోవాలంటే భయం వేసింది. జానెడు దూరంలో సీసా, ఆపేవాళ్ళెవరూ లేరు. అయినా ఆయన మోటారు సైకిలెక్కగానే పోయి వెనక కూర్చున్నాను.

"యాడికప్పా?"

"నువ్వు యాడికి పోతే ఆడికి."

"నేను ఇంటికి పోను."

"సరే, నేనూ పోను."

ఆయన వెనక్కి తిరిగి బండబూతు తిట్టాడు. నేను దిగలేదు. శానాసేపు ఆయన బండి స్టార్ట్ చేయలేదు. నెత్తి మాడే ఎండలో, కదలని బండి మీద, ఇద్దరం ఒకరి వెనక ఒకరం అట్లాగే కూర్చున్నాం.