మా ఇంటి నీళ్ళకి ఫిల్టరు

అమలాపురం బస్సులో పక్క సీటు కుర్రాడు మంచినీళ్ళు అడిగితే నా సీసా ఇచ్చాను. ఆ నీళ్ళు తన ప్లాస్టిక్ సంచిలోకి వంపుకుని, దాని మూతికి చిన్న ఫిల్టరు బిగించి, పిండుకుంటూ తాగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మా ఇంటి నీళ్ళు వడపోస్తే గానీ గొంతు దిగవాండీ?"

"అబ్బే, అలవాటండి. కొండలెక్కుతుంటానండి. వాగునీళ్ళు దీంతోనే తాగుతానండి."

"ఇవి వాగునీళ్ళు కాదండి. మా అమ్మ కూలికెళ్ళిన ఇళ్ళల్లో చెంబు ముట్టుకోనిచ్చేవారు కాదండి. దోసిలి పడితే పైనుంచి పోసేవారు. ఇప్పుడు మీరేమో మా నీళ్ళు అడిగి మరీ తీసుకుని, శుద్ధి చేసుకుని తాగుతున్నారు."

అతని ముఖం పాలిపోయింది. "అయ్యబాబోయ్, నాకలాంటి పట్టింపుల్లేవండీ."

"ఉన్నవాళ్ళూ అదే అంటారండి" అని సీసా లాక్కున్నాను.

కొత్తపేటలో దిగి, బస్టాండు కుళాయి దగ్గర అదే సంచి నింపుకున్నాడు. ఆ నీళ్ళకీ అదే ఫిల్టరు బిగించాడు. కిటికీలోంచి అంతా చూశాను. అతను తలెత్తి బస్సు వైపు చూడబోతుంటే అద్దం మూసేశాను.

ఇప్పటికీ ప్రయాణంలో ఎవరైనా నీళ్ళడిగితే కాదనకుండా ఇస్తాను. ఇచ్చి, వాళ్ళు తాగేదాకా వాళ్ళ చేతులకేసే చూస్తూ కూర్చుంటాను.