ఆకాశానికి కొత్త బట్టలు

జావా దీవిలోని లాసెంలో ఎవరింట పెళ్లయినా వంటవాళ్లకన్నా ముందు తర్మినా అవ్వకు కబురు వెళ్లేది. వాన ఆపడం ఆమె వృత్తి. చీపురుపుల్లకు మిరపకాయలు, ఉల్లిపాయలు గుచ్చి నేలలో నాటి, పని ముగిసేదాకా స్నానం మానేసి కూర్చుంటుంది. నలభై ఏళ్లలో ఆమె చేతిలో తడిసిన పెళ్లిళ్లు మూడే. ఆ మూడింటిలోనూ తప్పు పెళ్లికొడుకులదేనని ఇప్పటికీ వాదిస్తుంది.

ఆ ఊరికి వేగంగా నడిచే ఇంటర్నెట్ తెస్తామన్నారు. పాతకాలపు గోడలకు మేకు కొట్టకూడదు, వీధిలో స్తంభం పాతకూడదు అన్నది ఊరి కట్టుబాటు. తీగ భూమిలోంచే రావాలి. కందకం తవ్వినప్పుడు వాన పడితే నీళ్లు పునాదుల్లోకి దిగుతాయి, పెద్దలు పని ఆపేస్తారు. అందుకే పని చేయిస్తున్న హెందార్తో అనే అతను సెమరాంగ్ నగరం నుంచి దిగీ దిగగానే అవ్వ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"నాలుగు రోజులు ఆపాలి అవ్వా."

"ఆ తీగ వస్తే ఏమొస్తుంది నాయనా?"

"అన్నీ ఫోన్లోనే. వాన ఎప్పుడు పడేదీ గంటగంటకీ చూసుకోవచ్చు."

పక్కింటి సుల్యాతి బట్టల మీద బాతిక్ అద్దకానికి మైనం కరిగిస్తూ కిసుక్కున నవ్వింది. "ఇంక ఆ చీపురుపుల్లలతో వాకిలి ఊడ్చుకో అవ్వా!"

అవ్వ లెక్క వేసుకుంది. తీగ వస్తే తనను పిలిచేవాళ్లుండరు. కాదంటే చేతకాక తప్పుకుందంటారు. చివరికి ఒప్పుకుంది.

"పని చేయించేవాడి డ్రాయరొకటి ఇంటి కప్పు మీదికి విసరాలి. నీది పంపు."

హెందార్తోకు చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు పొద్దున్నే పొట్లంలో పంపాడు. అవ్వ సరిగా చూడకుండానే దాన్ని కప్పు మీదికి విసిరేసింది.

రెండు రోజులు బాగానే ఎండ కాసింది. మూడోనాటికి, స్నానం లేని అవ్వ వాసన తగలకుండా సుల్యాతి గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చుంటోంది. ఆ మధ్యాహ్నం, అన్నిటికన్నా పాత ఇంటి ముందు కందకం తెరిచి ఉండగా, సముద్రం మీంచి నల్లటి మబ్బు లేచింది. మొదటి చినుకు అవ్వ ముక్కు మీదే పడింది.

చేతులు ముడుచుకుని కూర్చుంటే చాలు, తీగ పీడ విరగడవుతుంది. కానీ నాలుగో తడి కూడా తన లెక్కలోనే పడుతుంది. ఈసారి తప్పు మోపడానికి పెళ్లికొడుకు కూడా లేడు. అవ్వ నిచ్చెన తెప్పించి కప్పు ఎక్కింది. డ్రాయరు మీద దుకాణం చీటీ కూడా ఊడలేదు.

దాన్ని కర్రకు తగిలించుకుని వీధిలోకి నడిచింది. "ఏం నాయనా, ఆకాశానికి కొత్త బట్టలు పెడుతున్నావా?"

కూలీలందరూ పారలు ఆపేశారు.

"వాడింది పంపాలంటే సిగ్గేసింది అవ్వా..."

"నువ్వు సిగ్గుపడితే వాన పడుతుంది. విప్పు!"

అతను సుల్యాతి ఇంట్లోకి పరిగెత్తి, ఆమె ఇచ్చిన లుంగీ చుట్టుకుని తిరిగొచ్చాడు. అవ్వ ఆ వాడిన ఆయుధాన్ని కప్పు మీదికి విసిరింది. మబ్బు కాసేపు తటపటాయించి, పక్కూరి మీద పడింది. పక్కూరివాళ్లు ఆ రోజు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నాలుగోనాడు తీగ వేయడం పూర్తయింది. అవ్వ స్నానం చేసి, పిలుపు కోసం చూస్తూ కూర్చుంది. నెల గడిచినా ఎవరూ రాలేదు. పుల్లలన్నీ కట్టగట్టి నిజంగానే వాకిలి ఊడవడం మొదలుపెట్టింది.

ఒకరోజు సుల్యాతి ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అవ్వా, మా మేనకోడలి పెళ్లి వచ్చే వారమే! ఆ రోజు వాన అరవై శాతం అంటోంది!"

"శాతమంటే?"

"పడొచ్చు, పడకపోవచ్చు."

"ఈ మాట చెప్పడానికా అంత కందకం తవ్వింది?"

"వెటకారం తర్వాత, ముందు ఏదో ఒకటి చెయ్యి! ఇదివరకు మబ్బు పట్టాకే భయపడేవాళ్లం. ఇప్పుడు వారం ముందునుంచే నిద్ర పట్టట్లేదు."

సాయంత్రానికి మరో ముగ్గురు ఫోన్లు పట్టుకుని వచ్చారు. అవ్వ చీపురు కట్ట విప్పి ఒక పుల్ల ఏరుకుంది.

"పెళ్లికొడుకు డ్రాయరు పంపించమను," అంది సుల్యాతితో. "వాడిందే."