రాతి బ్యాండు మేళం వారి క్యాసెట్లు

పదవీ విరమణకు ముందరి ఏడాది ఆషాఢంలో నన్ను రాజోలు అవతల ఓ చిన్న సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయానికి వేశారు. ఆషాఢంలో కోనసీమలో ఎవరూ స్థలాలు కొనరు. దాంతో, వచ్చిన ప్రతి కాగితాన్నీ శ్రద్ధగా చదివే అధికారిగా నాకు త్వరగానే పేరొచ్చింది.

ఒక ఉదయం రిటైరైన ఇంగ్లీషు మాస్టారు డానియేలు గారు వీలునామా రిజిస్టరు చేయించడానికి వచ్చారు. వెంట ఆయన కాలేజీనాటి స్నేహితుడు సత్తిబాబు, దస్తావేజు లేఖరి మూర్తిగారు. మాస్టారికి రెండు చెవులూ దాదాపు వినిపించవు. ఏదైనా కాగితం మీద రాసి చూపాలి. ఆయన మాత్రం చెవుడు మనకన్నట్టు గట్టిగా జవాబిస్తారు.

వీలునామాలో ఇల్లూ దొడ్డీ, మిగిలినదంతా కూతురికి మూడు వాక్యాల్లో వెళ్ళిపోయాయి. తక్కిన పేజీన్నర సత్తిబాబుకు: ‘రాతి బ్యాండు మేళం వారి పాటల క్యాసెట్లు పదకొండు, సదరు మేళం వారి బొమ్మ గల నల్ల బనీను ఒకటి, చంకలో చిరుగు కలదు, గోడ పటం ఒకటి, టేప్‌రికార్డరు ఒకటి.’

రాతి మేళం ఏమిటని అడిగాను.

“రాక్ అంటే రాయే కదండీ. దస్తావేజులో ఇంగ్లీషు ముక్క పడితే రేపు తగువులొస్తాయండి, ఆయ్” అన్నారు మూర్తిగారు. క్యాసెట్టుకు మాత్రం ఆయనకు తెలుగు దొరకనట్టుంది.

మిగతాది సత్తిబాబు చెప్పాడు. అమలాపురం కాలేజీలో ఇద్దరికీ ఆ విదేశీ బ్యాండంటే పిచ్చి. తర్వాత మస్కట్‌లో క్రేను నడిపిన రోజుల్లో ఇతను సెలవుకొచ్చినప్పుడల్లా ఒక క్యాసెట్టు తెచ్చేవాడు. బనీను కూడా అక్కడిదే. చెవులు పోయాక సైతం ఆదివారం చర్చి నుంచి రాగానే మాస్టారు టేపు పెట్టించుకుని, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి ఏ పాటో చెప్పేస్తారట.

“డ్రమ్ము అదిరిన చోటల్లా తలూపుతాడండి. చెవులున్న నేనే వెనకబడతాను.”

వీటికోసం వీలునామా ఎందుకని రాసి చూపాను.

“మా అమ్మాయి చాలా శుభ్రమైన మనిషండీ!” అన్నారు మాస్టారు. “నేను పోయిన మూడోనాటికి ఇల్లు అద్దంలా ఉంటుంది!”

అప్పుడు సాక్షుల సంతకాలు చూశాను. మొదటిది సత్తిబాబుదే. క్రైస్తవుల వీలునామాలో సాక్షిగా సంతకం పెట్టినవారికి రాసింది చెల్లదు. వీలునామా నిలుస్తుంది, వారి భాగమే పోతుంది. అంటే క్యాసెట్లు ఆ శుభ్రమైన అమ్మాయికే చేరతాయి. కొత్తగా రాసుకుని, వేరే సాక్షిని పెట్టుకోమన్నాను.

సత్తిబాబు ఒప్పుకోలేదు. “సాక్షిగానే ఉంచండి సార్. వాడి సంతకం కింద నాది పెట్టేను, తియ్యలేనండి. అయినా అయ్యి నా ఇంటికి రావడమంటే, వాడు పోయేకే కదండీ.”

విషయం కాగితం మీద రాసి మాస్టారికిచ్చాను. రెండుసార్లు చదివి స్నేహితుడి వైపు తిరిగారు.

“ఒరే సత్తిగా! సాక్షికి ఎవడైనా పనికొస్తాడురా! ఆరో క్యాసెట్టు ఎక్కడ నలుగుతుందో, పెన్సిలెట్టి ఎటు తిప్పాలో నీకు కాక ఎవడికి తెలుసురా!”

వరండాలో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. సత్తిబాబు నా పెన్ను తీసుకుని, అదే కాగితం అడుగున ‘సరే’ అని రాసి ఇచ్చాడు.

మూర్తిగారు కొత్తది రాశారు. ఆయనా, పక్క గది లేఖరీ సాక్షులయ్యారు. ‘రాతి’ని సరిచేద్దామంటే మాస్టారు వద్దన్నారు. ఆ బ్యాండుకు అంత సరైన పేరు మరెవరూ పెట్టలేదట.

నిజానికి వీలునామా చెల్లుతుందో లేదో చూడటం సబ్‌ రిజిస్ట్రారు పని కాదు. రాసినవారు వచ్చి తమదేనని ఒప్పుకుంటే రిజిస్టరు చేసి పంపాలి. అయినా ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ముందు సాక్షుల పేర్లు చూసి, తర్వాతే ఆస్తి వివరం చదివాను. సంతకానికి అందరికంటే ముందు లేచేది కావలసినవాళ్ళే. రాసిపెట్టేదీ సాధారణంగా వాళ్ళకే.