అత్త తట్టలో బంతిపూలు

మా అత్త మీద డాక్యుమెంటరీ తీస్తామని హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చిన రోజున మా ఇంట్లో సంతోషం సరిగ్గా ఒక గంట నిలిచింది. ఆ తర్వాత డైరెక్టర్ గారు మళ్ళీ ఫోన్ చేసి, "అమ్మగారు పడ్డ కష్టాలు కూడా చూపిస్తామండి" అన్నారు. అంతే, మా నాన్న మొహం మాడిపోయింది.

అత్త అంటే నాన్నకి అక్క. మాది మొగల్తూరు దగ్గర సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. అత్త చిన్నప్పటి నుంచీ నాటకాల్లో పాడేది. ఆవిడ రాగం తీస్తే జనం 'వన్స్ మోర్' అని చొక్కాలు చించుకునేవారట. తర్వాత నాటకాలు ఆడించేవాళ్ళు తగ్గిపోయారు, మావయ్య పోయాడు. ఇరవై ఏళ్ళ పైన తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మింది. నాలుగేళ్ళ కిందట ఎవరిదో పెళ్ళిలో పాడుతుంటే ఫోన్లో తీసి లోకం మీదకి వదిలారు. సినిమావాళ్ళు పిలిచారు. ఇప్పుడు ఆవిడ పాట లేకుండా మా వైపు పెళ్ళి ఊరేగింపు కదలదు.

నాన్నకిప్పుడు రొయ్యల చెరువులు, ఐస్ ఫ్యాక్టరీ, నరసాపురంలో మేడ ఉన్నాయి. మేడ కట్టిన దగ్గర్నుంచి ఇంట్లో తట్ట మాట ఎత్తకూడదు. అత్తదేమో ఒకటే పట్టు. "తట్ట చూపించకపోతే నా సినిమా నాకొద్దు. పాటలు పోయాక నా గొంతుని నిలబెట్టింది చేపలమ్మిన ఆ కేకలేరా."

ఈ గొడవలో నేను నాన్న పక్షం. పరువు కోసం కాదు, నా భయం నాది.

నిండు తట్టని ఎవరూ ఒంటరిగా తలకెత్తుకోలేరు. రెండోవైపు ఒకరు పట్టాలి. దారిన పోయేవాళ్ళని "కాస్త చెయ్యి వెయ్యండి బాబూ" అని పిలవడం, వాళ్ళు వచ్చి పట్టడం మా వైపు మామూలే. నేను ఏడో తరగతిలో ఉండగా అత్త మా బడి గేటు దగ్గర తట్ట దించి, మళ్ళీ ఎత్తుకోబోతూ నన్ను చూసి, "ఓ చెయ్యి వెయ్యవే" అంది. పక్కన నా స్నేహితురాళ్ళు. "ఎవరే ఆవిడ?" అన్నారు. "ఏమో, నాకేం తెలుసు?" అన్నాను. అన్నానండీ, అన్నం తినే ఈ నోటితోనే. అత్త వినేంత దగ్గర్లో ఉంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. కెమెరా ముందు ఎత్తితే నా గతేంటి?

చివరికి నాన్నకొక ఉపాయం తట్టింది. "చేపలేంటి అసయ్యంగా, పూలమ్మిందని చెబుదాం." కడియం నుంచి బంతిపూలు దిగాయి. పూలమ్మిన చోట కట్టెలమ్మడం గురించి అందరూ వినే ఉంటారు. చేపలమ్మిన చోట పూలమ్మించిన ఘనుడు మాత్రం మా నాన్నొక్కడే.

షూటింగ్ రోజున అత్త కిక్కురుమనకుండా పూలతట్ట నెత్తిన పెట్టుకుంది. ఆ నిమ్మళం చూసే నేను కెమెరాకి దూరంగా జరిగాను.

"అప్పట్లో ఎలా కేకేసేవారో అలాగే వెయ్యండమ్మా" అన్నారు డైరెక్టర్ గారు.

అత్త ఊపిరి తీసుకుంది. "పండుగప్పలూ... చందువాలూ... నెత్తళ్ళోయ్!"

గోడ మీద పిల్లి దిగి వచ్చేసింది. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని డైరెక్టర్ గారు, "ఇవన్నీ పూల రకాలా అండీ?" అని అడిగారు.

"అవునండి" అన్నాడు నాన్న, చెమట తుడుచుకుంటూ. "చందువా అంటే ఒక రకం చామంతండి."

కెమెరా పట్టుకున్నాయన కాకినాడ మనిషి. పాపం, నవ్వు ఆపుకోలేక కెమెరా వదిలేసి కింద కూర్చున్నాడు. అత్త తట్ట దించింది.

"ఒరే తమ్ముడూ, నీ మొదటి చెరువు తవ్వించింది ఆ నెత్తళ్ళే కదరా. ఎందుకురా సిగ్గు?"

 నాన్న తనే ఐస్ ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. "ఓ తట్టెడు చేపలు పంపండ్రా. చూసి మంచివి పంపండి, సినిమాలో పడతాయి!"

తట్ట వచ్చింది. ఐసు నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎత్తడానికి యూనిట్ వాళ్ళు ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. అత్త వాళ్ళని వద్దని, చుట్టూ చూసి, నా దగ్గర ఆగింది.

"ఓ చెయ్యి వెయ్యవే."

అదే మాట, అదే గొంతు. నేను షూటింగ్ అని కొత్త పట్టుచీర కట్టుకుని ఉన్నాను. వెళ్ళి వంగి పట్టాను. తట్ట లేచింది, ఐసు నీళ్ళు నా మొహం మీదుగా కుచ్చిళ్ళ దాకా కారాయి. నా కళ్ళలో నీళ్ళు అందులో కలిసిపోయాయి గనక బతికిపోయాను.

"బాగా అలవాటున్నట్టుందే మీకు?" అన్నారు డైరెక్టర్ గారు నన్ను చూసి.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అత్త అడ్డొచ్చింది.

"అలవాటు లేకపోవడమేంటండీ! బడికెళ్తూ రోజూ ఇదే ఎత్తేది. మా మేనకోడలండి."

డాక్యుమెంటరీ బయటికొచ్చింది, జనం మెచ్చుకున్నారు. అందులో అత్త చెప్పినవన్నీ నిజాలే, ఆ ఒక్క మాట తప్ప. ఇంట్లో ఎవరికి చూపించినా, ఆ చోటు వచ్చే ముందే నేను ఏదో పని ఉన్నట్టు లేచి వంటింట్లోకి పోతాను. అత్త ఊరుకోదు కదా, హాల్లోంచి చేపలమ్మే గొంతుతో కేకేస్తుంది.

"ఎక్కడికే? నీ సీను వస్తోంది, రా!"