బావ కత్తి బరువు

అల్యూమినియానికి రంగు పట్టించడమంత విసుగు పని ఇంకోటి లేదు. ఇనుముకైతే ఎలా పూసినా అంటుకుని ఊరుకుంటుంది. దీనికి పూసిన పూట చూస్తే ముద్దొస్తుంది, వారం తిరక్కుండా పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. రాజాంలో నాది అల్యూమినియం తలుపులూ కిటికీలూ చేసే షాపు. ఆ పనిలో రంగుతో నాకు సంబంధం లేదు. పట్టీలు కంపెనీ నుంచే రంగుతో వస్తాయి, కోసి బిగించి అద్దం పెట్టి ఇచ్చేస్తాను. ఈ రంగుల గోల నా నెత్తికి చుట్టుకుంది మా బావ వల్ల. అంటే మా అక్క మొగుడు.

బావది నరసన్నపేట దగ్గర పల్లె. వరి పండించేవాడు. కానీ ఆ చుట్టుపక్కల ఆయన్ని రైతుగా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, ఊరి నాటక సమాజంలో సేనాపతి వేషం కట్టేవాడిగానే ఎరుగుదురు. ఏటా అమ్మవారి పండగకి నాటకం ఆడేవారు. చివర్లో సేనాపతి కత్తి పైకెత్తి ప్రతిజ్ఞ చేసే పద్యం ఉంటుంది. పద్యం అయిపోయి ఆఖరి మాట మీద రాగం అందుకుంటే, ఆ రాగం ముగిసేదాకా ఎత్తిన కత్తి దించకూడదు. జనం వన్స్ మోర్ అన్నారంటే మళ్లీ మొదట్నుంచీ పాడాలి. మా బావ ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు పాడేవాడు. చెయ్యి వెంట్రుకవాసి దిగేది కాదు. పైగా ఆ కత్తి ఉత్తుత్తి కత్తి కాదు, లారీ స్ప్రింగు పట్టీ తెచ్చి కమ్మరి చేత కొట్టించింది. మిగతా వాళ్ల అట్టకత్తులు చూసి, "అవి మీ గుంటలకిచ్చీండిరా, ఆడుకుంటారు" అని వెక్కిరించేవాడు.

కిడ్నీ జబ్బంటే సముద్రపొడ్డు ఉద్దానం పల్లెల వాళ్ల సంగతి అనుకునేవాళ్లం. బావకి కాళ్లు వాచి, అన్నం సయించక, చివరికి డయాలసిస్ దాకా వెళ్లాక గానీ అది మన ఇంటికీ వస్తుందని తెలియలేదు. శ్రీకాకుళం ఆసుపత్రికి పోవడం, రావడం, పడుకోవడం. మనిషి సగమైపోయాడు. అయినా నోరు మాత్రం తగ్గలేదు. ఆ యేడు పండగకి సేనాపతి వేషం ఇంకెవరికైనా ఇద్దామని సమాజం వాళ్లు మెల్లగా అనేసరికి, "నాను బతికుండగా ఆ ఏషం ఇంకోడికి ఇస్తారేటి?" అని లేచాడు. వేషం ఆయనకే ఉంచేశారు. బావకి ఆ వేషం తప్ప ఇంకేం మిగల్లేదని అందరికీ తెలుసు.

మర్నాడే అక్క ఫోను చేసింది. "ఒరే తమ్ముడా, బరువులెత్తకూడదని డాక్టరు సెప్పినాడు. ఈ మనిసి ఆ ఇనపకత్తి తీసి పొద్దస్తమానం పైకెత్తి సూసుకుంటన్నాడు. సెయ్యి ఒణికిపోతన్నాది. నువ్వేటో ఒకటి సెయ్యరా" అని ఏడ్చింది.

నాకు తెలిసింది అల్యూమినియమే. షాపులో మిగిలిన మందపాటి పట్టీ కోసి, ఆకురాయితో అంచులు తీసి, పిడీ, పిడి ముందు అడ్డకమ్మీ బిగించి కత్తి చేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయి మోటారు సైకిలు మీద పట్టుకెళ్లి ఇచ్చాను. బావ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏట్రా ఇది, గరిటా? సిలవర గిన్నెలాగ మెరిసిపోతన్నాది. దీంతో యుద్దం సెయ్యాలా, అన్నం ఒడ్డించాలా?"

మా వైపు అల్యూమినియాన్ని సిలవర అంటారు. అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. లాక్కుని వచ్చేశాను.

అక్కణ్నుంచి మొదలయ్యాయి నా తిప్పలు. పిడికి బంగారు రంగు కొట్టి ఇచ్చాను. రిహార్సల్లో చెమటకి అదంతా ఊడి బావ అరచేతికి అంటుకుంది. "సూడు, పెళ్లికొడుకుని సేసీసినావు నన్ను" అని పసుపు పచ్చటి చెయ్యి చూపించాడు. అలా పాడుచేసి పాడుచేసి నేర్చుకున్నాను. ముందు గరుకు కాగితంతో రుద్దాలి, అదీ పిడి నుంచి మొన దాకా ఒకే వైపుకి. తర్వాత సన్న కాగితంతో. థిన్నరు గుడ్డతో తుడిచాక చెయ్యి తగలనివ్వకూడదు, చేతి జిడ్డు ఉన్న చోట రంగు నిలవదు. అప్పుడు ప్రైమరు. కత్తి పట్టీకి వార్నిషులో దీపం మసి కలిపి పలచగా పూసి, ఆరకముందే గుడ్డతో లాగేస్తే రుద్దిన గీతల్లో నలుపు ఉండిపోయి మిగతాది ఇనుము వన్నెకి దిగుతుంది. పిడికి తిన్నగా బంగారు రంగు వెయ్యకూడదు. అడుగున ముదురు గోధుమ రంగు వేసి, దాని మీద ఉబ్బెత్తుగా ఉన్న చోట్ల మాత్రం గుడ్డతో బంగారు పొడి అద్దాలి. అప్పుడు ఏ రాజు చేతిలోంచో వచ్చినట్టు ఉంటుంది. తేలిక వస్తువుని బరువుగా కనిపించేలా చెయ్యడమే ఆ పనంతా.

అలా చేసి ఇచ్చిన కత్తిని బావ చాలాసేపు చూశాడు. "బరువు లేదు గానీ, కనబడతన్నాది. కనబడితే సాలు" అన్నాడు. ఆ యేడు రాగమంతా దించకుండా పాడాడు. రెండోసారి కూడా పాడాడు. నేను జనంలో నిలబడి ఈలలు వేశాను.

మరుసటి యేటికి ఆ కత్తి కూడా బరువైపోయింది బావకి. అన్నం గిన్నె ఎత్తడానికే అక్క సాయం కావలసి వచ్చింది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. "రంగు మాసిపోయింది, కొత్తగా ఏసిస్తాను" అని చెప్పి కత్తి షాపుకి తెచ్చేశాను. పట్టీ నడుమ వరసగా డ్రిల్లుతో చిల్లులు పెట్టాను. చిల్లుల్లో లప్పం, అదే తేలికపాటి పుట్టీ, కూరి, ఆరాక సాపు చేసి, పైన మళ్లీ మసి రంగు లాగాను. చూస్తే ముందున్న కత్తే. చేత్తో పట్టి చూస్తే కాదు. బావ దాన్ని చేతిలోకి తీసుకుని, "ఆఁ, ఇప్పుడు కుదిరినాది" అన్నాడంతే. హమ్మయ్య, పసిగట్టలేదనుకున్నాను. ఆ తర్వాతి పండగకి మళ్లీ తెచ్చాను, పిడి లోపలంతా తొలిచేశాను. బావ ఎండిపోతున్నకొద్దీ నేను కత్తిని తింటూ వచ్చాను. షాపులో ఆ అల్యూమినియం పొట్టు ఊడుస్తుంటే నాకు ఏడుపొచ్చేది. పనివాళ్లు చూస్తారని వాళ్లమీద అరిచేవాణ్ని.

ఆఖరి యేడు దసరాకి అక్క ఫోను చేసింది. 

"ఒరే, కొంప మునిగిపోనాది. ఆయుధపూజకని మీ బావ కత్తి బట్టలసోడా నీళ్లలో నానబెట్టి, బూడిదా సింతపండూ ఏసి కొబ్బరి పీసుతో తోమినాన్రా. గిన్నెలు ఎప్పుడూ అలాగే కదా తోముతాను! రంగంతా ఊడిపోనాది. కత్తి నిండా సిల్లులు పడిపోనాయి. సోడా తినీసినాది కాబోలు."

 షాపు వదిలేసి ఉన్నపళంగా బయల్దేరాను. పాపం అక్క చేసిన దాంట్లో తప్పేముంది? మా వైపు దసరాకి కొడవలి దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా అన్నీ కడిగి బొట్టు పెడతారు. మొగుడు మంచాన పడితే ఆయన కత్తిని ఇంకొంచెం భక్తిగా తోమింది. నా బెంగంతా బావ గురించి. చేతగానివాడైపోయాడని బావమరిదే లెక్కకట్టేశాడని తెలిస్తే ఆ మనిషి ఇంక లేచి నిలబడడు.

నేను వెళ్లేసరికి బావ వసారాలో మంచం మీద కూర్చున్నాడు. కత్తి ఒళ్లో ఉంది. బోడి సిలవర కత్తి. వేలితో ఒక్కో చిల్లూ తడుముతున్నాడు. అక్క గుమ్మంలో నిలబడి కళ్లొత్తుకుంటోంది.

"దీనికెందుకే అంత ఏడుపు? సిలవర కదా, సోడా పడితే తినెయ్యదేటి మరి. బావమరిది వచ్చినాడు, బాగు సేసీగల్డు. టీ ఎట్టు పో" అన్నాడు బావ.

అక్క లోపలికి వెళ్లింది. నేను తల ఎత్తలేదు.

"కూకోరా."

మంచం పట్టెమీద కూర్చున్నాను.

"మొన్నటిదాకా ఇలాగే సేసినావా?"

"బావా, అదీ..."

"నాకు తెలుసులేరా. సేత్తో పట్టినోణ్ని, బరువు తెల్దేటి? తెలుసునంటే నువ్వు సిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను."

నేను అంతకాలం ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆయన నన్ను కాపాడుకొచ్చాడు.  బావ కత్తిని నా ఒళ్లో పెట్టాడు.

"ఇంకొన్ని సిల్లులు ఎయ్యరా. ఈ యేడు రాగం అయిపోయేదాకా ఎత్తాల."

చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. బావ నా వీపు మీద కొట్టాడు. ఆ దెబ్బకి కూడా బరువు లేదు.

ఈసారి షాపుకి తీసుకెళ్లలేదు. సామానంతా వాళ్లింటికే తెచ్చుకున్నాను. నేను చిల్లులు పెడితే బావ లప్పం కూరాడు. అలసిపోయి మధ్యమధ్యలో పడుకునేవాడు, లేచి మళ్లీ కూర్చునేవాడు. పిడి మీద బంగారు పొడి అద్దడం నన్ను చెయ్యనివ్వలేదు. "నీది మొరటు సెయ్యి, ఒగ్గీ" అని గుడ్డ లాక్కున్నాడు. అన్నిసార్లు చేసిన నాకంటే ఆయన అద్దిందే బాగా వచ్చింది.

అమ్మవారి పండగనాడు పొద్దుగూకే వేళ, స్టేజీ వెనక పాకలో వేషాలు వేసుకుంటున్నారు. బావకి అంగరఖా వదులైపోయి నేను వెనక పిన్నీసులు పెడుతున్నాను. బావ కత్తి తీసి రాజు వేషగాడికి అందించాడు.

"ఇదిగో పట్టి సూడు. మా బావమరిది ఈసారి ఎంత బరువు సేసీసినాడో."

రాజు కత్తి అందుకున్నాడు. ఒక్క క్షణం బావ మొహంలోకి చూశాడు. అంతే, చెయ్యి మోకాలి దాకా దిగిపోయింది. "ఓలమ్మో! ఏటి బావా ఇది, ఇంత బరువెలాగెత్తుతావు?" అని రెండో చెయ్యి కూడా వేశాడు. మంత్రి తీసుకుని తూలాడు. ద్వారపాలకుడు ఎత్తలేక మూలిగాడు. దేవుడి దయ, ఆ వెధవలు స్టేజీ మీద ఏనాడూ అంత బాగా నటించలేదు. బావ మీసం సవరించుకుంటూ నవ్వాడు.

పద్యం వచ్చింది. గొంతు పాత గొంతు కాదు, సగానికి సగం గాలే. కానీ కత్తి లేచింది. నేను స్టేజీ పక్కనుంచి ఆయన మణికట్టునే చూస్తూ నిలబడ్డాను. రాగం అందుకున్నాడు. మణికట్టు ఒణికింది, మళ్లీ నిలబడింది. రాగం ముగిసింది. ఆ తర్వాతే చెయ్యి దిగింది. జనంలో ఒక్కడు కూడా వన్స్ మోర్ అనలేదు. ఊరు ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఎండలు ముదరకముందే బావ పోయాడు.

పాడె మొయ్యడానికి నాటకం వాళ్లే వచ్చారు. ముందు నేనూ రాజు వేషగాడూ, వెనక మంత్రీ ద్వారపాలకుడూ. పాడె భుజానికెత్తుకున్నాం. పైన ఏమీ లేదు. వెదురూ తాడూ ఉన్నాయి, అంతే. అక్క ఏడుస్తూ వెనకాల వీధి చివరిదాకా వస్తోంది. భుజం మీద బావ ఉన్నాడో లేడో తెలియకుండా ఎలా నడవడం అని నేను మధ్యలో ఆగిపోయాను.

నా పక్కన రాజు వేషగాడు మోకాళ్లు కొంచెం వంచాడు.

"ఏటి బావా, ఇంత బరువున్నావు" అన్నాడు అక్కకి వినబడేలా.

"బుజం దిగిపోతన్నాదిరా. కాసేపు దించండి, బుజాలు మార్సుకుందాం" అన్నాడు వెనకనుంచి మంత్రి.

దించాం. భుజాలు మార్చుకుని మళ్లీ ఎత్తాం. నేను కూడా మోకాళ్లు వంచి, "అవును, బాగా బరువున్నాడు" అన్నాను.